ప్రామాణిక ఆనందం

కిలో అంటే కిలోయే. తొమ్మిదివందల తొంభై గ్రాములు కిలో కాదు, వెయ్యిన్నీ పది గ్రాములూ కిలో కాదు. ఈ సంగతి తెలియకే వేరుశనక్కాయల సత్యం చెడ్డాడు. బస్టాండు ఎదురుగా బండి మీద కాయలమ్ముకునే మనిషి. వాళ్ల నాన్న కాలంనాటి రాయికి అడుగున సీసం కాస్త ఎక్కువ పోశారు. ఆ రాయితో తూచి ఎన్నేళ్ల పాటో ఊరందరికీ తలా పది గ్రాముల కాయలు అదనంగా ధారపోశాడు. తూనికలు కొలతల శాఖవారు పట్టుకున్నారు.

"ఎక్కువిచ్చాను కదండి బాబూ" అన్నాడు సత్యం.

"తక్కువ ఎంత దోషమో ఎక్కువా అంతే దోషం" అన్నారు ఆ జిల్లా అసిస్టెంట్ కంట్రోలర్ పరబ్రహ్మం గారు. "శాస్త్రానికి దయాదాక్షిణ్యాలుండవు."

రాయిని తిరస్కరించి, ఆఫీసు వెనక పెరట్లో తుక్కు రాళ్ల గుట్ట మీద పారేశారు. ఆ తిరస్కరణ చీటీ రాసింది సీనియర్ అసిస్టెంట్ నూకరత్నం. పందొమ్మిదేళ్లుగా ఆవిడది అదే సీటు. తూకం తప్పిన రాయి, వంగిన గజంబద్ద, సొట్టపడిన పాల కొలత, ఏదొచ్చినా రిజిస్టరులో ఎక్కించి పెరట్లోకి పంపడం ఆవిడ పని. సత్యం రాయి పంపిన రోజు ఆవిడకి అన్నం సయించలేదు. అయినా చీటీ మాత్రం గుండ్రటి అక్షరాలతో చక్కగా రాసింది.

అలాంటి ఆఫీసుకి, ఒక సోమవారం, రాజధాని నుంచి సర్క్యులరు వచ్చింది.

శాఖలో బాగా పెద్దాయన ఒకాయన విమానంలో వెళ్తూ పత్రిక తిరగేశారట. లావుపాటి మనుషులకి నింపాదిగా గంటసేపు నడవడం కన్నా, ఒక నిమిషం ఒళ్లు తెలియకుండా పరిగెత్తి ఒక నిమిషం ఆగి, మళ్లీ పరిగెత్తి మళ్లీ ఆగడం ఎక్కువ ఆనందంగా ఉంటుందనీ, ఆనందంగా ఉన్న పని ఎవరూ మానుకోరనీ అందులో రాశారట. పత్రికలో ఉన్నది 'ఉండవచ్చు' అని. విమానం దిగేసరికి అది 'ఉండవలెను' అయింది.

పరబ్రహ్మం గారు సిబ్బందినంతా నిలబెట్టి చదివి వినిపించారు. "ఇందుమూలముగా సమస్త జిల్లా కార్యాలయములకు తెలియజేయునదేమనగా, పరుల తూకములను సరిచూచు శాఖయందు స్వంత తూకములు మితిమీరి యుండుట శాఖాప్రతిష్ఠకు భంగకరము. కావున అధిక తూకపు సిబ్బంది వారమునకు మూడు దినములు అధిక తీవ్రతా విరామ వ్యాయామము నాచరించవలెను. పేరా నాలుగు. సదరు వ్యాయామమును సిబ్బంది ఆనందించవలెను. ఆనందము ఐచ్ఛికము కాదు. పేరా అయిదు. ఆనందమును కొలిచి ప్రతి నెల అయిదవ తేదీలోగా నిర్ణీత నమూనాలో నివేదించవలెను."

ఇన్‌స్పెక్టర్ త్రిమూర్తులు గొంతు సవరించుకుని, "సార్, ఆనందం రాకపోతే సెలవు పెట్టుకోవచ్చాండి?" అని అడిగాడు.

"ఆనందానికి సెలవు వర్తించదు" అన్నారు పరబ్రహ్మం గారు.

రైస్‌మిల్లులో జప్తు చేసి తెచ్చిన ధాన్యం కాటా మీద ఒక్కొక్కళ్లనీ ఎక్కించారు. పద్నాలుగుమందిలో పదకొండుమంది అధిక తూకంగా తేలారు. త్రిమూర్తులు ఊపిరి బిగబట్టి, ఒంటికాలి మీద నిలబడి చూశాడు గానీ నూటపంతొమ్మిది కిలోలు నూటపంతొమ్మిదే చూపించాయి. నూకరత్నం తొంభైనాలుగు కిలోల రెండువందల గ్రాములు. ఆ రెండువందలు చేతిగాజులవని ఆవిడ మనవి చేసుకుంది. గాజులు తీయించి మళ్లీ తూచారు. తొంభైనాలుగూ నూటఎనభై.

ఇంటికెళ్లి మొగుడితో చెప్పుకుని బాధపడింది. వీరభద్రం రైల్వేగేటు దగ్గర టైలరు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంతా విని, సూదులు తీసి, "చీరతో పరిగెత్తలేవు గానీ, రా, కొలతలు తీసుకుంటాను" అన్నాడు. నీలం గుడ్డతో వదులుగా లాగూ, మోకాళ్ల దాకా చొక్కా కుట్టిచ్చాడు. జేబు కూడా పెట్టాడు.

బుధవారం పదిన్నరకి పెరట్లో వ్యాయామం మొదలైంది. ఈల ఊదడానికి పక్క హైస్కూల్లో రిటైరైన డ్రిల్లు మాస్టారు సాల్మన్ గారిని పిలిపించారు. తుక్కు రాళ్ల గుట్ట చుట్టూ తిరగాలి. ఈల వేస్తే పరుగు, మళ్లీ ఈల వేస్తే ఆగడం. అలా పదిసార్లు.

మొదటి ఈలకి నూకరత్నం ప్రాణాలు పోయాయనుకుంది. రెండో ఈలకి పోతే బాగుండుననుకుంది. త్రిమూర్తులు గుట్ట వెనక్కి వెళ్లినవాడు ఇటువైపు రాలేదు. మూడో ఈల పడ్డాక ఏమైందో ఆవిడకే తెలియదు. చెవుల పక్కన గాలి చప్పుడైంది. ఆ చప్పుడు ఆవిడ ఎరిగినదే. ఏడో తరగతిలో బడి చుట్టూ పరుగుపందెం పెడితే మగపిల్లల్ని కూడా దాటేసి మొదటొచ్చింది. అదే వేసవిలో నాయనమ్మ, "ఎదిగిన పిల్లకి పరుగులేంటే, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు" అంది. అప్పటి నుంచి ముప్పైఅయిదేళ్లుగా నూకరత్నం నడుస్తూనే ఉంది. కళ్ల ముందు బస్సు కదిలిపోతున్నా పరిగెత్తలేదు. ఇంకో బస్సు కోసం నిలబడేది.

ఇప్పుడేమో పరిగెత్తమని ప్రభుత్వమే రాతపూర్వకంగా ఆర్డరు వేసింది. నలుగురూ చూసినా ఫరవాలేదు, పేరా నాలుగు ఉంది. ఆవిడకి నవ్వొచ్చింది. ముసిముసి నవ్వు కాదు, కడుపులోంచి తన్నుకొచ్చిన నవ్వు. పెరటిగోడ అవతల టీ కొట్టు దగ్గరున్నవాళ్లు కూడా తలెత్తి చూశారు.

"ఏమైందక్కా, కళ్లు తిరిగాయా?" అన్నాడు త్రిమూర్తులు గుట్ట వెనక నుంచి తొంగిచూసి.

"లేదు తమ్ముడూ. బాగుంది" అంది రొప్పుతూ.

ఆముదం తాగి ఇంకో గ్లాసు అడిగిన మనిషిని చూసినట్టు చూశాడు ఆవిణ్ని.

నెలాఖరుకి పదకొండుమందీ నమూనాలో ఆనందం నూటికి నూరు అని రాసి సంతకాలు పెట్టారు. అందులో పదిమంది అబద్ధమాడారు. ఉద్యోగులన్నాక కాగితం మీద ఆ మాత్రం ఆనందంగా ఉండకపోతే ఎలా? కానీ పరబ్రహ్మం గారు ఆ కాగితాలు చూసి మండిపడ్డారు.

"కొట్టువాడు తన కాటా సరైనదేనని తానే చీటీ రాసిస్తే మనం ఒప్పుకుంటున్నామా? తనిఖీ లేని కొలత కొలతే కాదు. ఆనందమైనా అంతే, ఆముదమైనా అంతే."

ఆ శుక్రవారం నుంచి పరుగు మధ్యలో ఆపి, పెదవుల ఈ చివర నుంచి ఆ చివరికి నవ్వు కొలవడం మొదలుపెట్టారు. ఇనుపముక్కల మందం కొలిచే వెర్నియరు ఒకటి ఆఫీసులో ఎలాగూ ఉంది. త్రిమూర్తులు నవ్వు మూడు పాయింట్ ఒకటి సెంటీమీటర్లు వచ్చింది. మర్నాడే మెమో ఇచ్చారు. "తమ ముఖమునందు ఆనందము తక్కువగా నున్నట్లు తనిఖీలో బయల్పడినది. తమపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

త్రిమూర్తులు సంజాయిషీ ఇచ్చాడు. "అయ్యా, నావి కట్టుడు పళ్లు. పరిగెత్తుతూ నవ్వినచో ఊడి రాళ్లగుట్టలో పడునన్న భయముచేత నోరు బిగించితిని. లోపల ఆనందము సమృద్ధిగా గలదు."

"లోపలి సరుకు శాఖ పరిధిలోకి రాదు" అని దాని మీద రాశారు పరబ్రహ్మం గారు.

అయితే ఆ రాసిన చెయ్యి అక్కడే ఆగింది. మూడు పాయింట్ ఒకటి తక్కువే, సరే. దేనికన్నా తక్కువ? కిలో రాయి తప్పని ఎలా అంటున్నాం? ఏసీ గదిలో, మఖమల్ పెట్టెలో, ప్రామాణిక కిలో ఉంది కాబట్టి. దానితో పోల్చి అంటున్నాం. ఆనందానికి అలాంటి ప్రమాణం ఏదీ? ఇరవైఎనిమిదేళ్ల సర్వీసులో ఇంత మౌలికమైన లోపం తన కంటపడలేదని ఆయన ఆ పూట భోజనం చేయలేదు. సాయంత్రానికల్లా హెడ్డాఫీసుకి రాశారు. వాళ్లకి ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే, పదిహేను రోజుల్లో ముగ్గురు సభ్యుల కమిటీ దిగింది.

కమిటీ పదకొండుమందినీ పరిగెత్తించి చూసింది. చూడ్డానికేముంది, ఊరంతా ఎరిగిన సంగతే. నూకరత్నం నవ్వు ఏడు పాయింట్ రెండు సెంటీమీటర్లు. వినికిడి దూరం నలభై మీటర్లు. కల్తీ లేదు. కమిటీ ఛైర్మన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిజమైన వస్తువు చూసి ఎన్నాళ్లయిందో" అన్నారు. ఆ మాట మాత్రం రిపోర్టులో రాయలేదు.

నూకరత్నాన్ని రాష్ట్ర ప్రామాణిక ఆనందంగా ధ్రువీకరించారు. తేడా రెండు మిల్లీమీటర్ల దాకా అనుమతి, అటైనా ఇటైనా. గుర్తింపుకార్డుకి తీగ గుచ్చి, సీసపు బిళ్ల వేసి, ప్లయరుతో నొక్కి ముద్ర కొట్టారు. వీరభద్రం ఆ బిళ్లని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, వెళ్లి పావుకిలో కాజాలు తెచ్చాడు.

సోమవారం పదిన్నరకి ఆవిడ నీలం లాగూ వేసుకుని పెరట్లోకి దిగబోతుంటే పరబ్రహ్మం గారు రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డారు.

"ఎక్కడికమ్మా?"

"పరుగుకండి."

"ఎంత మాట. ప్రామాణిక కిలోతో ఎవరైనా వంకాయలు తూస్తారా?"

ఆవిడకి అర్థం కాలేదు. ఆయన నిబంధనల పుస్తకం తెరిచారు. తొమ్మిదో నిబంధన ప్రకారం ప్రమాణాన్ని రోజువారీ పనికి వాడకూడదు, వాడితే అరిగిపోతుంది. ఇరవై డిగ్రీల చల్లదనంలో, దుమ్ము తగలకుండా, కదలకుండా ఉంచాలి. ఒట్టి చేతులతో తాకకూడదు.

"మరి నా పరుగండి?"

"మీ ఆనందం ఇప్పుడు మీది కాదమ్మా. రాష్ట్రానిది. దాన్ని మీరు ఇష్టమొచ్చినట్టు ఖర్చుపెట్టేస్తానంటే ఎలా?"

అలా నూకరత్నాన్ని ప్రమాణాల గదిలో పెట్టారు. మూడు వైపులా అద్దాల బీరువాలు, వాటిలో మఖమల్ గూళ్లలో ఇత్తడి రాళ్లు. నాలుగో వైపు పెరటికేసి కిటికీ. మధ్యలో ఎర్ర మఖమల్ వేసిన కుర్చీ. తిరస్కరణ రిజిస్టరు అక్కడికే తెచ్చిచ్చారు, చేతులు కదిలితే ఫరవాలేదట. అటెండరు తెల్ల గ్లౌజులు తొడుక్కుని, టీ గ్లాసుని ఇత్తడి పట్టకారుతో పట్టుకుని అందించేవాడు. మొదటి రోజు ఆవిడ నవ్వింది. వినోదంగా ఉంటుంది కదా, ఒక్కరోజు.

కిటికీ లోంచి పెరడంతా కనిపించేది. సాల్మన్ మాస్టారు ఈల వేస్తే కుర్చీ కింద ఆవిడ పాదాలు వాటంతటవే ఆడేవి. "ప్రమాణము కంపించుచున్నది" అని అటెండరు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. కుర్చీ కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేశారు.

వ్యాయామం కాగానే పదిమందినీ ఒక్కొక్కళ్లుగా లోపలికి తెచ్చి, ఆవిడ ఎదురుగా నిలబెట్టి, ఆవిడ నవ్వు పక్కన వాళ్ల నవ్వు పెట్టి చూసేవారు. ఆవిడ నవ్వుని నూరు కింద లెక్క కట్టి మిగతావాళ్లది తేల్చాలి. మొదటి వారం త్రిమూర్తులు ఆనందం నలభైమూడు శాతం. ఇంకో మెమో తప్పదనుకున్నాడు.

కానీ కూర్చున్న మనిషి నవ్వు ఎన్నాళ్లు నిలుస్తుంది? రెండో నెలకి నూకరత్నం నవ్వు అయిదు సెంటీమీటర్లకి దిగింది. మూడో నెలకి మూడుకి. ఆనందం అరిగిపోకుండా ఏసీ గదిలో పెడితే అది మురిగిపోవడం మొదలైంది. ఈ సంగతి ఆ ఆఫీసులో అందరికీ కనిపిస్తూనే ఉంది. శాస్త్రం ప్రకారం మాత్రం ప్రమాణం ఎప్పుడూ తప్పదు. ప్రమాణానికీ లోకానికీ తేడా వస్తే తప్పు లోకానిదే. కాబట్టి నూకరత్నం నూరు నూరే. త్రిమూర్తులు మూడు పాయింట్ ఒకటీ చెక్కుచెదరకుండా అలాగే ఉంది గనక, లెక్క కట్టి చూస్తే అతని ఆనందం నూటమూడు శాతమైంది. నాలుగో నెలలో ఆవిడ నవ్వు ఒక్క సెంటీమీటరుకి పడిపోయేసరికి అతనిది మూడువందల పది.

జిల్లాకి రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చింది. ఆఫీసు గుమ్మానికి బ్యానరు కట్టారు. త్రిమూర్తులుకి శాలువా కప్పి, ఇంత ఆనందం ఎలా సాధించారో నాలుగు మాటలు చెప్పమన్నారు. అతను మైకు పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "అంతా పైవారి దయండి" అన్నాడు. సగటు ఇలాగే పెరిగితే ఏడాది తిరిగేసరికి వెయ్యి శాతం దాటుతామని పరబ్రహ్మం గారు ప్రకటించారు.

నూకరత్నం తూకం కూడా పెరిగింది. తొంభైఎనిమిది. అది ఎవరూ పట్టించుకోలేదు, ప్రమాణాన్ని తూచమనే రూలు లేదు మరి. ఇంట్లో నీలం లాగూ కొక్కేనికి వేలాడుతూ ఉండేది. ఒక రాత్రి వీరభద్రం అడిగాడు.

"ఏంటి రత్నం, పరుగుకెళ్లిన రోజుల్లో ఇంటికొచ్చి కూడా పాటలు పాడేదానివి. ఇప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి జీతమిస్తుంటే ఏడుపుమొహం వేస్తావేంటి?"

"ఆ కిటికీలోంచి కనిపిస్తుందయ్యా" అంది. "కనిపించకపోయినా బాగుండేది."

ఆవిడ అర్జీ పెట్టుకుంటానంటే అతను కాగితం, పెన్నూ తెచ్చి ఇచ్చాడు. వారానికి ఒక్క నిమిషమైనా పరిగెత్తనివ్వాలని ఆవిడ రాసింది. పరబ్రహ్మం గారు అర్జీని రెండుసార్లు చదివారు. కఠినుడు కాదాయన, రూలు మనిషి.

"మీ ఆవేదన శాఖ గమనంలో ఉందమ్మా. కానీ ఆలోచించండి. ప్రామాణిక మీటరు వచ్చి, నాకు విసుగ్గా ఉంది, ఒక్క రోజు బట్టల కొట్లో పని చేసొస్తానంటే ఒప్పుకుంటామా?"

"నేను మీటరుని కాదండి."

"అదే మీ వినయం" అన్నారాయన.

ఆ రోజు ఆవిడ ఏడ్చింది. ఏసీ గదిలో, ఇత్తడి రాళ్ల మధ్య, చప్పుడు కాకుండా. మర్నాడు ఆ గది తేమ మామూలు కన్నా రెండు శాతం ఎక్కువ చూపించిందని అటెండరు పుస్తకంలో ఎక్కించాడు.

ఆరో నెల వచ్చింది. ప్రమాణాన్ని ఆరునెలలకోసారి తిరిగి సరిచూడాలి. కమిటీ వచ్చే శుక్రవారం దిగుతోందని కబురు. వినియోగస్థితిలో చూడాలి గనక ఒక్క నిమిషం పరిగెత్తిస్తారట. ఆ కాగితం చదివి నూకరత్నం కూర్చున్నచోటే తేలికైపోయింది. ఒక్క నిమిషం. ఆ తరవాత? మళ్లీ ముద్ర, మళ్లీ ఆరునెలలు కుర్చీ. తేలిక కాస్తా దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం త్రిమూర్తులుని పోలికకి తెచ్చారు. పోలిక అయిపోయినా అతను కదల్లేదు. ఏసీ కింద నిలబడి కాలరు వదులు చేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"స్వర్గమక్కా ఇది. నువ్వేమో ఇక్కణ్నించి పోవాలంటావు. నేను అక్కడ చస్తున్నాను, మోకాళ్లు రెండూ పోయాయి. మూడువందల పది శాతం ఆనందంతో రాత్రి నిద్ర పట్టట్లేదు."

"ఏం చేస్తాం తమ్ముడూ."

అతను గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "పందొమ్మిదేళ్లు తిరస్కరణ రిజిస్టరు రాశావు, నువ్వు నన్ను అడుగుతావేంటి? తూకం తప్పిన రాయిని ఎక్కడ పారేస్తారు?"

"పెరట్లో" అంది. అని ఆగిపోయింది.

"అదీ సంగతి. శుక్రవారం నాడు నవ్వకు. ఏడుకి తగ్గిందంటే నువ్వు తుక్కు. తుక్కుని గుట్ట దగ్గర పడేస్తారు. అక్కడ నీ ఇష్టం, పరిగెత్తుకో."

అంటే పరిగెత్తడానికి దారి ఒక్కటే. పరిగెత్తేటప్పుడు సంతోషించకపోవడం. నాలుగు రోజులు సాధన చేశారిద్దరూ. త్రిమూర్తులు దుఃఖపు విషయాలు కాగితం మీద రాసి తెచ్చిచ్చేవాడు. నాయనమ్మ పోయిన రోజు. పదేళ్లుగా ఆగిన ప్రమోషను. ఆడపడుచు అన్న మాట. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోవడం. ఆవిడ అవన్నీ పరీక్షకి చదివినట్టు కంఠతా పట్టింది.

శుక్రవారం పెరడు ఊడ్చి ముగ్గు పెట్టారు. కమిటీ కుర్చీల్లో కూర్చుంది. నూకరత్నం నీలం లాగూతో వచ్చి గీత దగ్గర నిలబడింది. ఆరునెలల తరవాత కాళ్ల కింద మట్టి తగిలింది. వెంటనే ఆడపడుచుని తల్చుకుంది. సాల్మన్ మాస్టారు ఈల వేశారు.

అయిదు సెకన్లు బాగానే నడిచింది. ప్రమోషను. మొహం రాయిలా ఉంది. ఎనిమిది సెకన్లు. నాయనమ్మ. త్రిమూర్తులు గోడ పక్క నుంచి రెండు చేతులూ జోడించి చూస్తున్నాడు. పది. కరెంటు పోయింది, ఉక్కపోత, విసనకర్ర కూడా లేదు. పదకొండు. అప్పుడు చెవుల పక్కన గాలి మొదలైంది. వద్దు వద్దు అనుకుంది. ఆడపడుచు మళ్లీ ఏమందో జ్ఞాపకం రాలేదు. పదమూడో సెకనులో నవ్వు తన్నుకొచ్చింది. ఆరునెలలు కుర్చీలో కుక్కి పెట్టిన నవ్వు, అసలూ వడ్డీతో సహా వచ్చినట్టు వచ్చింది. గుట్ట మీది కాకులు లేచిపోయాయి. టీ కొట్టువాడు పాలగిన్నె దించి గోడెక్కి చూశాడు. నిమిషం అయిందని ఈల వేసినా ఆవిడకి వినపడలేదు. ఇంకో రెండు చుట్లు తిరిగి, గుట్ట మీద చెయ్యి వేసి నిలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

నవ్వుతూనే అనుకుంది, అయిపోయింది, ఇక మళ్లీ కుర్చీయే అని. అయినా నవ్వు ఆగలేదు.

పరబ్రహ్మం గారు వెర్నియరు పెట్టారు. చూశారు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. ఛైర్మన్‌కి ఇచ్చారు. ముగ్గురు సభ్యులూ వంతులవారీగా కొలిచారు. తొమ్మిది పాయింట్ నాలుగు. వినికిడి దూరం, బస్టాండు దాకా.

"ఏడు పాయింట్ రెండు ఉండాలి" అన్నారు ఛైర్మన్ నెమ్మదిగా.

"ఉందిగా సార్, ఇంకా ఎక్కువే ఉంది" అన్నాడు త్రిమూర్తులు నీరసంగా. అతని ఆశలు అప్పటికే మట్టిలో కలిశాయి.

పరబ్రహ్మం గారు అతని వైపు తిరిగారు. ఆయన మొహంలో నిజమైన బాధ ఉంది. "తక్కువ ఎంత దోషమో ఎక్కువా అంతే దోషం, త్రిమూర్తులూ. శాస్త్రానికి దయాదాక్షిణ్యాలుండవు."

నూకరత్నం తల వంచి చూసింది. చెయ్యి వేసిన చోట, గుట్టలో పైనే, వేరుశనక్కాయల సత్యం రాయి ఉంది.

ప్లయరుతో గుర్తింపుకార్డు మీది సీసపు బిళ్ల కత్తిరించారు. చీటీ రాయాలి. ఆ సీటు ఎవరిదో అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. రిజిస్టరు తెప్పించి ఆవిడ చేతికే ఇచ్చారు. ఆవిడ చెమట కారకుండా మణికట్టు కింద రుమాలు పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో రాసింది. వస్తువు: ప్రామాణిక ఆనందం, ఒకటి. లోపం: అధికం. సరిచేయుటకు వీలు: లేదు. ఉంచవలసిన చోటు: పెరడు. కింద సంతకం పెట్టింది.

ఇక కొత్త ప్రమాణం కావాలి. కమిటీ అక్కడికక్కడే ఆరునెలల రికార్డులు తిరగేసింది. అందరి నవ్వులూ ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి, ఒక్కటి తప్ప. త్రిమూర్తులు. మొదటి రోజు మూడు పాయింట్ ఒకటి, నిన్నా మూడు పాయింట్ ఒకటే. ఎండకీ వానకీ, మెమోకీ శాలువాకీ చలించలేదు.

"స్థిరత్వమే ప్రమాణానికి ప్రాణం" అన్నారు ఛైర్మన్.

ఆ మాట వినగానే త్రిమూర్తులు గుండె ఆగినంత పనైంది. ఏసీ, మఖమల్ కుర్చీ, పట్టకారుతో టీ. పెదవులు వాటంతటవే విడిపోబోయాయి. అంతలో పరబ్రహ్మం గారు వెర్నియరు పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. ఇప్పుడు గనక నవ్వితే చేతికొచ్చింది పోతుంది. జీవితంలో అంత సంతోషం అతనికి ఎన్నడూ కలగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పళ్లు బిగించి, గుప్పిళ్లు బిగించి, ఎండాకాలం కరెంటు కోతని తల్చుకుని నిలబడ్డాడు. మూడు పాయింట్ ఒకటి. ముద్ర పడింది.

సాయంత్రం అయిదింటికి నూకరత్నం సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చింది. నీలం లాగూ ఇంకా విప్పలేదు. బస్టాండులో ఇంటికెళ్లే బస్సు అప్పుడే కదులుతోంది. ఆవిడ పరుగందుకుంది. సత్యం బండి దాటింది, సత్యం చేతిలో కాయలు చేతిలోనే ఉండిపోయాయి. కండక్టరు చూసి బెల్లు కొట్టాడు. "రండమ్మా, రండి, ఆపాను" అని చెయ్యి చాచాడు.

బస్సు ఆగింది. ఆవిడ ఆగలేదు.